కాళ్ళు లేని సేన

మా తమ్ముడు ముకుందాన్ని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు, ఆట వేస్తాడు. పెళ్ళిచూపుల్లో "నేను నచ్చానా" అని అడగడానికి బదులు పీట మీద పులిజూదం గీశాడు. మా మరదలు ఆ రోజు గెలిచింది, ఇప్పటికీ గెలుస్తూనే ఉంది. ఒకప్పుడు అట్టల మీద, ఇప్పుడు కంప్యూటర్లలో, ఆటలు కనిపెట్టడమే అతని వృత్తి. లోకమంతా మాస్టారంటుంది గనక నేనూ అలాగే అంటాను.

మాస్టారి శిష్యురాలు నూకరత్నం హైదరాబాదులో ఒక వీడియో గేముల కంపెనీలో పనిచేస్తుంది. ఆ వేసవిలో, తడిసిన అప్పడంలాంటి మొహంతో మా ఊళ్ళో బస్సు దిగింది. ఆమె తయారుచేస్తున్నది వంతుల ఆట. ఒకరు తమ సేనను కదిపి ఆగాక ఎదుటివారు కదపాలి. అందులో కొండజాతి, అడవిజాతి, ఎడారిజాతి ఉన్నాయి. వాటితోపాటు రత్నం ప్రాణం పెట్టి చేసిన నీటిజాతి ఒకటి ఉంది. పొలుసుల ఒళ్ళు, ముత్యాల కళ్ళు, ఒక్కొక్కరికీ ఒక్కో పేరు. అందానికి దేవతలు కూడా కుళ్ళుకోవాలి గానీ, ఆడేవాళ్ళలో వాళ్ళని ఎంచుకునే నాథుడు లేడు. నీళ్ళు దాటి రాలేని సేన అది. ఎదుటివాడు ఒడ్డుకి దూరంగా ఊరు కట్టుకుని కూర్చుంటే, పాపం వీళ్ళు తలలెత్తి చూస్తూ ఉండాల్సిందే.

"సోమవారానికి బాగుచెయ్యకపోతే ఆటలోంచి తీసెయ్యమన్నారు మాస్టారూ," అంది రత్నం. "తీసెయ్యాల్సిందీ నేనే. నేను పేర్లు పెట్టినవాళ్ళని నా చేత్తోనే చెరపాలి. అందుకని కాళ్ళు పెట్టేశాను. ఇప్పుడు నేలెక్కి నడుస్తారు, కత్తులు దూస్తారు. సరిపోతుందంటారా?"

"చెప్పులు కూడా కొనిపెట్టు, కాళ్ళు కాలతాయి," అన్నాను కాఫీ అందిస్తూ.

"ఊరుకోండి మామ్మగారూ, నేనిక్కడ ఏడుస్తుంటే."

మాస్టారు గ్లాసు దించి, "నేల మీద ఆడి చూశావా?" అన్నారు.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళందరికీ అదొక నియమం. ఏ మార్పయినా సరే, ముందు సుద్దముక్కతో గచ్చు మీద గళ్ళు గీసి, చింతపిక్కలతో ఆడి చూశాకే కంప్యూటర్ని తాకాలి. రత్నం తొందరలో ఆ పని చెయ్యలేదు. తల వంచుకుంది.

ఆడటానికి మా పాత ఇంటికి వెళ్ళాం. నేను కాపురానికొచ్చిన రోజుల్లో ఆ ఇంటికీ సముద్రానికీ మధ్య మూడు వీధులు, ఒక బడి, ఏనుగుల మంద తప్పిపోయేంత కొబ్బరితోట ఉండేవి. ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. ఊరంతా వెనక్కి జరిగింది. ఇప్పుడా ఇంటికి మూడే గోడలు, నాలుగో గోడ ఉండాల్సినచోట సముద్రం. అంత పెద్ద కిటికీ ఏ మహారాజుకీ ఉండి ఉండదు. అమావాస్య ముందురోజు, మధ్యాహ్నం. ఆటు సమయం, నీరు ఎక్కడో సింహళం దాకా పోయినట్టుంది. గచ్చు ఎండి తెల్లగా ఉంది.

మాస్టారు సముద్రం వైపు అంచు నుంచి పెరటి గుమ్మం దాకా గళ్ళు గీశారు. గుమ్మం వైపు రత్నం కూర్చుంది, నేలజాతి ఆమెది. చింతపిక్కలు బారులు తీర్చింది. సముద్రానికి వీపు పెట్టి మాస్టారు కూర్చున్నారు, నీటిజాతి ఆయనది. గుప్పిట నిండా గవ్వలు పట్టుకున్నారు గానీ ఒక్కటీ కింద పెట్టలేదు.

"మీ సేన ఏదండీ?"

"వస్తుందిలే. నా వంతు అయింది. కదుపు."

రత్నం కదిపింది. ఆయన మళ్ళీ ఏమీ చెయ్యకుండా వంతు వదిలేశారు. అడ్డుకునేవాడు లేడని పిల్లకి హుషారొచ్చింది. పిక్కల్ని ముందుకి, ఇంకా ముందుకి, సముద్రం అంచు వరస దాకా తోసింది. ఎదుటివాడి సేన కదిలితేనే వంతు ఆడినట్టని ఆమె లెక్క. అందుకని ఆమె కళ్ళు ఆయన గుప్పిట మీదే ఉన్నాయి.

అప్పుడు గచ్చు కిందనుంచి ఒక చప్పుడు మొదలైంది. ఎవరో మెల్లగా నోరు పుక్కిలిస్తున్నట్టు. కాకులు అరవడం మానేశాయి. గాలి కూడా మానేసింది.

"మాస్టారూ, ఇక్కడ ఇంకో వరస ఉండాలి కదా?"

"ఉందా?"

"ఉండేది. నా పిక్కలు దాని మీదే పెట్టాను."

"నా వంతు అయింది," అన్నారాయన.

రత్నం మిగిలిన పిక్కల్ని ఒక వరస వెనక్కి లాక్కుంది. అల ఒక్కటీ రాలేదు. ఎక్కడా నీరు పారలేదు. గచ్చుకి చెమట పట్టింది, అంతే. ఆ చెమటలో సుద్దగీత కరిగి, గడి పక్క గడిలో కలిసిపోయింది. ఆమె ఇంకో వరస వెనక్కి జరిగింది. ఆయన వంతు వదిలేశారు. ఇంకో వరస పోయింది. అయినా ఆ పిల్ల ఆట ఆపలేకపోతోంది. నేను గోడకి ఆనుకుందామనుకుంటే గోడ కూడా చల్లగా, బతికున్న చేపలా తగిలింది.

గీతలు చెరిగిపోయిన చోట, ఆమె వెనక్కి లాక్కోలేకపోయిన పిక్కలు లేవు. పిక్క ఉండాల్సిన ప్రతిచోటా ఒక్కో గవ్వ ఉంది. తడి తడిగా, నోళ్ళు మావైపు తిప్పి.

"మీరే పెట్టారు కదూ?" అంది రత్నం.

మాస్టారు గుప్పిట విప్పారు. ఆయన గవ్వలు ఆయన చేతిలోనే ఉన్నాయి, పొడిగా. గోరంతని కొండంత చేస్తానని నాకు ఊళ్ళో పేరుంది. ఈ గవ్వల సంగతి మటుకు తగ్గించే చెబుతున్నాను.

సోమవారం రత్నం పంపిన మార్పులో కాళ్ళు లేవు, కత్తులు లేవు. నీటిజాతి ఇప్పుడు ఏదీ కదపదు; వంతు వదిలేస్తుంది, మ్యాపు అంచున ఒక గడి నీరవుతుంది. దాన్ని తీసెయ్యమన్నవాళ్ళే దానికి ఎదురు ఆడాల్సివస్తే లైట్లన్నీ వేసుకుని, కాళ్ళు కుర్చీ మీదకి ముడుచుకుని ఆడుతున్నారట. రత్నం పెట్టిన పేర్లలో ఒక్కటీ చెరగలేదు.

అదంతా తరవాతి మాట. ఆ మధ్యాహ్నం మాత్రం రత్నం వీపు పెరటి గుమ్మానికి తగిలింది. వెనక ఇక గడి లేదు. చివరి పిక్కని పిడికిట్లో దాచుకుని, నేలవైపే చూస్తూ, "మరి మావాళ్ళకి కాళ్ళు..." అని ఆగిపోయింది.

మాస్టారు పంచె పైకెత్తి పట్టుకుని లేచారు. ఆయన కూర్చున్నచోట చీలమండ లోతు నీళ్ళున్నాయి.

"లేమ్మా," అన్నారు. "కాళ్ళున్నది మనకి."