చేదు తవుడు

కొల్లేటి పక్కన సోమరాజుగారి చేపల చెరువు. నీళ్లలో రెండు వరసల వెదురు గెడలు, గెడకో కన్నాల సంచి, సంచి నిండా తవుడు. చేపలు మూతితో పొడిస్తే చాలు, తవుడు మబ్బులా విచ్చుకునేది. ఆ మబ్బులోంచి బొచ్చెచేప బావ మెరుస్తూ వస్తుంటే శీలావతికి మేత సంగతే గుర్తుండేది కాదు. ఎప్పటికైనా ఆ రెక్క పక్కనే తన రెక్క ఆడాలని ఆ చేపపిల్ల కోరిక.

ఒకరోజు గట్టుమీద రాజుగారు పాలేరుతో అన్నారు. "ఒట్టి తవుడుతో చేపల కార్జానికి కొవ్వు పడుతోందిరా. ఈ పొడి కలిపితే తిన్నది ఒంటబడుతుందట. ముందు తూర్పు వరసలో కలిపి చూద్దాం."

తూర్పు సంచి రుచి చూసి బొచ్చె ఉమ్మేశాడు. "ఛీ, ఇదేం చేదు తాతా?"

ముక్కుకింద తిత్తి వేలాడేసుకుని గెడమీద కునికే గూడబాతు తాత కళ్లు తెరిచాడు. ముసలాయన. ఆ చెరువులో ఆయన చేప పట్టగా చూసినవాళ్లు లేరు, అందుకే అందరికీ చనువు.

"మందట్రా అబ్బాయ్. రోగిష్టివాళ్లకి గానీ నీకెందుకు? మొన్న బరువు చూడ్డానికి వేసిన వలలో పడితే రాజుగారు నిన్ను రెండు చేతులా ఎత్తి ఎంత మురిసిపోయారు."

"బావా, నా మాట విని రెండు గుక్కలు మింగు," అంది శీలావతి.

"నువ్వు మింగవే పుల్లమ్మా. ఒంట్లో కండ లేనిది నీకే."

గుంపంతా నవ్వింది. శీలావతి సిగ్గుతో తూర్పు వరసకే పోయి కళ్లు మూసుకుని మింగింది.

నెల తిరిగింది. శీలావతి ఈదితే నీళ్లు చీలేవి. పడమటి వరసలో ఒట్టి తవుడే తిన్న బావకి పొట్ట జారింది, నాలుగు బారలకే రొప్పు వచ్చేది.

"ఆయాసం కాదురా అది, దర్జా," అన్నాడు తాత. బావ పొంగిపోయాడు.

మర్నాడు పొద్దున పడమటి సంచి దగ్గర ఇద్దరూ మాట్లాడుకుంటుండగా నీళ్లమీద నీడ పడింది. ఒంటికి తెలియకుండానే శీలావతి పక్కకి దూకింది. బావ కూడా తిరగబోయాడు. సగమే తిరిగాడు.

తాత ముక్కుకింది తిత్తిలో బావ తోక కొట్టుకుంటోంది. ఒకసారి. రెండుసార్లు. తరవాత ఆగింది.

శీలావతి గెడ చాటుకి జారింది. అక్కణ్ణించే తల ఎత్తి అంది. "తాతా... నువ్వు..."

"పరిగెత్తేవాణ్ణి ఈ వయసులో నేనెక్కడ పట్టగలను తల్లీ?" అన్నాడు తాత మెత్తగా, మూతి నీళ్లలో కడుక్కుంటూ. "పాపం, మంచి పిల్లాడు. ఏం చెప్పినా వినేవాడు."

ఒళ్లు ఉబ్బిందని పొగిడేవాడి ఆకలి ఎంతో ముందు చూసుకోవాలి.