తెర వెనక చెంబు

త్రినాథుడికి పాట వచ్చు, పద్యం వచ్చు. చిడతలు పట్టుకుంటే వేళ్ళు వాటంతట అవే ఆడేవి. కాలికి గజ్జెలు కట్టబోతే మాత్రం కడుపు మెలితిరిగేది.

ముందు బొడ్డు కింద ఒక నొక్కు. ఆ వెంటనే, ఇప్పుడే వెళ్ళాలి, ఇంక ఆగలేనన్నంత తొందర. పరుగెత్తి వెళ్ళొస్తే కాస్త తెరిపి. మళ్ళీ గజ్జెలు చేతిలోకి తీసుకున్నాడో, మళ్ళీ అదే నొక్కు. ఒక్కడూ కూర్చుని పాడుకునేటప్పుడు ఏ బాధా లేదు. ఎదురుగా నలుగురు కూర్చుని వింటున్నారంటే చాలు, పిలవని చుట్టంలా వచ్చేది.

అతను బొబ్బిలిలో నరహరిదాసు గారి ఇంట్లో ఉండి హరికథ నేర్చుకుంటున్నాడు. ఆ ఇంటి వెనక పెద్ద దొడ్డి. ఆ దారిలో గడ్డి మొలవకపోవడానికి కారణం త్రినాథుడేనని దాసుగారి భార్య సుభద్రమ్మగారు నవ్వేవారు. త్రినాథుడికి నవ్వు వచ్చేది కాదు.

ఎందుకంటే అక్కడ ఒక కట్టుబాటు ఉంది. గురువు చేత గజ్జె కట్టించుకుని వేదిక ఎక్కినవాడు, మంగళం పాడేదాకా దాన్ని విప్పకూడదు. కథ ఎంత పొడుగైనా అంతే. మరి నడిమధ్యలో ఆ నొక్కు వస్తే? పట్టుపంచెతో, మెడలో పూలదండతో, అంతమంది చూస్తుండగా? ఆ ఊహకే అతనికి చెమటలు పట్టేవి. ఆ ఊహకే కడుపు కదిలేది కూడాను.

ఆస్పత్రికి వెళ్ళాడు. డాక్టరుగారు పొట్ట నొక్కి చూశారు, పరీక్షలు చేయించారు. రక్తం పడుతోందా, బరువు తగ్గావా, నిద్రలోంచి లేపుతోందా అని అడిగారు. అవేవీ లేవు.

"పుండూ లేదు, పురుగూ లేదు. నీ పేగులు కాస్త బెదురు రకం, అంతే," అన్నారాయన. "నువ్వు భయపడితే నీకన్నా ముందు అవి పరుగు తీస్తాయి. వేళకి తిను. కాఫీ, కారం తగ్గించు. పస్తులు మాత్రం ఉండకు."

త్రినాథుడు బుద్ధిగా తలూపి, సరిగ్గా దానికి విరుద్ధంగా చేశాడు. లోపల ఏమీ లేకపోతే బయటికి ఏమొస్తుంది అని అతని ఆలోచన. పాడాల్సిన రోజు వస్తోందంటే ముందు రోజు నుంచే అన్నం మానేసేవాడు. నీరసం తగ్గడానికి కాఫీ మీద కాఫీ తాగేవాడు. ఖాళీ కడుపులో ఆ కాఫీ పడి ఇంకా రభస చేసేది.

ఇది చూసి పెద్ద శిష్యుడు అవతారం గారు పరవశించిపోయేవారు.

"కథంటే ఎంత భక్తిరా నీకు! ఉపవాస దీక్షా!" అని చేతులు జోడించేవారు.

కాదని చెప్పడానికి సిగ్గుపడి త్రినాథుడు తలవంచుకునేవాడు. వినయం కూడా ఉందని అవతారం గారు ఇంకా మెచ్చుకునేవారు.

అవతారం గారు మంచివారే. కాకపోతే గురువుగారు తుమ్మినా అది ఏ తాళంలో ఉందో లెక్క చూసే మనిషి. ఆయన ప్రాణంపెట్టి పట్టుకున్న విద్య ఒకటుంది. నరహరిదాసు గారు ఏ కథ చెప్పినా, మధ్యలో మంచి పట్టులో ఉండగా ఒకచోట ఆగేవారు. అందులో జనం ఎక్కువగా ఎదురుచూసేది ఏనుగూ మొసలీ కథలో. మొసలి కాలు పట్టింది, ఏనుగు మడుగులోకి జారుతోంది. సరిగ్గా అక్కడ దాసుగారు చిడతలు ఆపేసి జనం వైపు తిరిగేవారు.

"ఏనుగు పిలుస్తోంది నాయనా! పాపం, దాని గొంతు చాలటంలేదు. మీరూ పిలవండి. గోవిందా!"

జనం అందుకునేవారు. దాసుగారు తెర వెనక్కి వెళ్ళిపోయేవారు. గోవిందా, గోవిందా అని పందిరంతా మోగుతుంటే, ఆయన కాలి గజ్జెలు దూరంగా, ఇంకా దూరంగా వినబడి మాయమయ్యేవి. కాసేపటికి ఆ చప్పుడు మళ్ళీ సన్నగా మొదలై దగ్గరయ్యేది. ఆయన తెర తొలగించుకుని వచ్చి నిలబడేసరికి వేదిక మీద తడి అడుగులు పడేవి.

వైకుంఠం నుంచి దేవుడు నడిచొస్తున్న చప్పుడు అదేనని జనం కళ్ళొత్తుకునేవారు. ఆ చుట్టుపక్కల దానికి నరహరిదాసు గారి బాణీ అని పేరు పడింది. అవతారం గారు తన కథల్లో కూడా అదేచోట ఆగి, తెర వెనక గజ్జెలతో పచార్లు చేసి, ముందే పెట్టించుకున్న బకెట్టు నీళ్ళలో కాళ్ళు ముంచుకుని మరీ వచ్చేవారు.

ఉగాది వెళ్ళాక దాసుగారు త్రినాథుణ్ణి పిలిచారు.

"నాగూరు పందిట్లో ఈసారి కథ నువ్వు చెప్పాలిరా. ఏనుగు కథ."

త్రినాథుడి కడుపు అప్పుడే జవాబు చెప్పింది. పోయిన ఏడు కూడా ఇలాగే ఒక కథ ఇస్తే, గొంతు పోయిందని తప్పించుకున్నాడు. రాజాంలో అతని మేనమామకి బియ్యం మిల్లుంది. కథ చెప్పని దాసు ఎందుకురా, వచ్చి మిల్లు చూసుకో అని ఆయన ఎప్పటినుంచో అంటున్నాడు. ఈసారి కూడా తప్పుకుంటే ఇక ఈ ఇంట్లో ఉండటానికి మొహం చెల్లదు. మిల్లులో అయితే ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వెళ్ళొచ్చు, ఎవరూ చూడరు. ఆ ఆలోచన సుఖంగానే ఉంది. కాని చిడతలు సంచిలో సర్దుతుంటే అతనికి ఏడుపొచ్చింది.

మర్నాడు గురువుగారి ముందు నిలబడ్డాడు.

"గొంతు బాగాలేదండి."

దాసుగారు గొంతు వైపు చూడలేదు. పొట్ట వైపు చూశారు.

"పొద్దున్న ఏం తిన్నావు?"

"ఏమీ లేదండి."

"రాత్రి?"

త్రినాథుడు తల అడ్డంగా ఊపాడు. దాసుగారు లోపలికి కేకేసి పెరుగన్నం తెప్పించారు. అతను తినేదాకా ఎదురుగా కూర్చున్నారు. మజ్జిగ తాగుతావా అని తప్ప మరో మాట అనలేదు. కంచం ఖాళీ అయ్యాక లేచారు.

"సాయంత్రం పారాదిలో నా కథ ఉంది. నువ్వు శ్రుతిపెట్టె దగ్గర కూర్చోకు. అది అవతారం చూసుకుంటాడు. నువ్వు తెర వెనక ఉండు."

"అక్కడ నేనేం చెయ్యాలండి?"

"నా దండ పట్టుకోవాలి."

ఎన్నో కథలకి గురువుగారి వెంట వెళ్ళినా, త్రినాథుడి చోటు ఎప్పుడూ వేదిక మీద, జనం వైపే. తెర వెనక అతను ఒక్కసారీ నిలబడలేదు.

పారాదిలో బస్సు దిగగానే దాసుగారు ఎప్పట్లాగే పందిరి పక్కింటాయన్ని పలకరించారు. "మీ దొడ్డిదారి ఎటు బాబూ?" ఏ ఊరు వెళ్ళినా ఆయన ముందడిగే మాట అదే. పెద్దవాళ్ళ అలవాటనుకుని త్రినాథుడు ఎన్నడూ పట్టించుకోలేదు.

కథ మొదలైంది. తెర వెనక వెదురు గుంజ పక్కన నిలబడి త్రినాథుడు విన్నాడు. ఫిడేలు, మృదంగం, గురువుగారి గొంతు, అన్నీ ఇటునుంచి కొత్తగా వినిపిస్తున్నాయి. ఏనుగు మడుగులో దిగింది. మొసలి పట్టుకుంది. దాసుగారు జనానికి గోవిందా అందించారు. పందిరి హోరెత్తింది.

తెర కదిలింది. దాసుగారు లోపలికి వచ్చి మెడలో దండ తీసి త్రినాథుడి చేతిలో పెట్టారు. పైన పట్టుకండువా వేశారు. గుంజ మొదట్లో నీళ్ళతో నింపి ఉన్న చెంబు ఒకటుంది. దాన్ని అందుకుని, పంచె ఎగదోపుకుని, గజ్జెలు ఘల్లుఘల్లుమంటుండగా పక్కింటి దొడ్డి వైపు గబగబా నడిచి వెళ్ళిపోయారు.

త్రినాథుడు దండ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అవతల జనం గోవిందా అంటున్నారు. ఇవతల గజ్జెల చప్పుడు వినబడటం మానేసింది. అవతారం గారి గొంతు అందరికన్నా పైన, ఏడుపుతో వణుకుతూ వినిపిస్తోంది.

కాసేపటికి గజ్జెలు తిరిగొచ్చాయి. దాసుగారు నూతి దగ్గర చేతులూ కాళ్ళూ కడుక్కుని, మొహం మీద నీళ్ళు చల్లుకుని వచ్చారు. మనిషి చాలా హాయిగా ఉన్నారు.

"దండ ఇలా ఇయ్యి."

"గురువుగారూ... అక్కడ ఏనుగు... మొసలి..."

"మొసలి ఎక్కడికీ పోదురా," అన్నారు దాసుగారు దండ వేసుకుంటూ. తెర తొలగించి వెళ్ళారు. వేదిక మీద తడి అడుగులు చూసి ముందు వరసలో ఎవరో ముసలమ్మ గట్టిగా గోవిందా అని దణ్ణం పెట్టింది.

కథయ్యాక బస్సు కోసం నిలబడ్డారు. అవతారం గారు కాస్త దూరంలో మృదంగం ఆయనకి బాణీ గురించి చెబుతున్నారు. త్రినాథుడు గురువుగారి పక్కకి జరిగాడు.

"ఎన్నాళ్ళ నుంచండి?"

"మా గురువుగారు నాకు గజ్జె కట్టిన రోజునుంచి."

"మరి కట్టుబాటు?"

"విప్పకూడదన్నారు. వేసుకుని నడవకూడదనలేదు గదా."

త్రినాథుడికి నవ్వొచ్చింది. ఎన్నో రోజుల తరవాత వచ్చిన నవ్వు, ఆపుకోవడం కష్టమైంది. అవతారం గారి వైపు చూసి, "ఆయనకి?" అన్నాడు.

"చెప్పకు. బాగా చేస్తున్నాడు," అన్నారు దాసుగారు.

ఇంటికి వెళ్ళాక త్రినాథుడు సంచిలోంచి చిడతలు తీసి మళ్ళీ గూట్లో పెట్టాడు.

నాగూరు కథ రోజు పొద్దున్న సుభద్రమ్మగారు ఇడ్లీ పెడితే తిన్నాడు. కాఫీ వద్దన్నాడు. మధ్యాహ్నం చారన్నం, పెరుగన్నం వేళకి తిన్నాడు. అవతారం గారు నొచ్చుకున్నారు.

"ఇవాళ దీక్ష లేదూ?"

"డాక్టరుగారు వద్దన్నారండి."

నాగూరులో దిగగానే, గురువుగారు నోరు తెరవకముందే త్రినాథుడు పందిరి పక్కింటికి వెళ్ళి అడిగాడు. "మీ దొడ్డిదారి ఎటండి?" ఆ ఇంటావిడ చూపించింది. దారి వెంట ఒకసారి నడిచి చూసుకున్నాడు. గడియ లేని తలుపు, పక్కన నుయ్యి, ములగచెట్టు కింద కట్టేసిన గేదె. తిరిగొచ్చేసరికి దాసుగారు తెర వెనక చెంబు నింపి ఉంచారు.

గజ్జె కట్టారు. త్రినాథుడు వేదిక ఎక్కాడు.

మొదటి పద్యం ఎత్తుకోగానే బొడ్డు కింద నొక్కు రానే వచ్చింది. చిడతలు ఒక దెబ్బ తడబడ్డాయి. అతను ఒకసారి తెర వైపు చూశాడు. తెర అక్కడే ఉంది. దాని వెనక చెంబుంది, దారుంది. వెళ్ళాలంటే వెళ్ళొచ్చు, అనుకున్నాడు. రెండో పద్యానికి గొంతు తెరుచుకుంది. ఏనుగు అడవిలో నడిచింది, చెట్లు విరిచింది, మడుగు కలియబెట్టింది. ఫిడేలాయన తలూపడం కనబడింది. జనం ముందుకు జరిగి కూర్చున్నారు.

మొసలి కాలు పట్టింది.

"మీరూ పిలవండి నాయనా! గోవిందా!"

తెర వెనక దాసుగారు చేతులు చాచి నిలబడి ఉన్నారు. త్రినాథుడు దండ తీసి ఇచ్చాడు, కండువా ఇచ్చాడు, చెంబు అందుకున్నాడు. గజ్జెలు చప్పుడు చేస్తుండగా దొడ్డిలోకి నడిచాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

ఏమీ లేదు. కడుపులో ఏ గొడవా లేదు. నొక్కు ఎప్పుడు పోయిందో కూడా అతనికి తెలియలేదు. గేదె తలెత్తి అతని పట్టుపంచె వైపు చూసి మళ్ళీ నెమరువేసుకుంది. దూరంగా పందిట్లో అందరూ ఒకే గొంతుతో పిలుస్తున్నారు. ఆ పిలుపు ఇంత బాగుంటుందని వేదిక మీద ఉన్నప్పుడు తెలియలేదు. కాసేపు అక్కడే నిలబడి విన్నాడు. తనని ఎవరూ తరమడం లేదు. అతనికి ఏడవాలన్నంత సంతోషం కలిగింది.

చెంబులో నీళ్ళు కాళ్ళ మీద పోసుకుని తిరిగొచ్చాడు.

మంగళం పాడాక అవతారం గారు వచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"బాణీ పట్టేశావురా! గజ్జెలు అలా దూరమైపోయి, చాలాసేపు ఏమీ వినబడక... ఆ నిశ్శబ్దం నాకింకా రాలేదు. అక్కడ ఏం చేశావు?"

"ఊరికే నిలబడ్డానండి."

అవతారం గారు చాలాసేపు ఆ మాటే ఆలోచిస్తూ ఉండిపోయారు.

ఆ తరవాత త్రినాథుడికి సీతానగరంలో కథ వచ్చింది. దాసుగారు గజ్జెలు పట్టుకుని తెర వెనక్కి వచ్చేసరికి, అతను నూతి దగ్గర నుంచి చెంబు నిండా నీళ్ళు తెచ్చి, తొణక్కుండా గుంజ మొదట్లో పెడుతున్నాడు.

"నాగూరులో అవసరం పడలేదన్నావుగా?" అన్నారు దాసుగారు.

"పడలేదండి. అందుకే నింపుతున్నాను."

దాసుగారు వంగి, శిష్యుడి కాలికి గజ్జె కట్టారు.