వన్నూరక్క కూచున్న రాయి

కాళ్లు ముడుచుకోని కూచోండి. మా అవ్వకు వాళ్లవ్వ చెప్పిన మాట ఇది. అప్పటికే పాతది.

వానలు మా సీమ దావ మర్చిపోయిన కాలాన ఒక పాళెగాని తోట ఉండేది. దానికి నీళ్లు మోసేది వన్నూరక్క. బావి నుంచి తోటకు, తోట నుంచి బావికి, మళ్లీ బావి నుంచి తోటకు. మొగుడు లేడు, బిడ్డలు లేరు. నడుం ఉండేది, అదీ వంగిపోయింది. "ఒక్క గడియ కూచుంటే బాగుండు" అనేది పాపం. ఎవరు కూచోనిచ్చినారు?

ఆ తోటలో తినేది ఒక్కటీ లేదు. అన్నీ చూసేటివే, పాళెగాని పెండ్లాం దొరసాని యాడాడి నుంచో తెప్పించినవి. మనుషులకు గంజి లేదు, పూలమొక్కలకు కడవలు కడవలు నీళ్లు! ఏం చెప్పాల ఆ యమ్మకు?

మూడో కరువేడు దొరసానీ, పాళెగాడూ తోటను వదిలి ఎళ్లిపోయినారు. పేటలో ఆడోళ్లు తోటలోకి దూరినారు.

ఎర్ర చుక్కలాకు తుంచి అడిగినారు. "వన్నూరక్కా, చేమాకు మాదిరుండాదే, తినొచ్చునా?"

"ఏమో తల్లీ. నీళ్లు పోసినానే గాని నోట్లో పెట్టలేదు. ఉండండి, ముందు నేను తింటా."

కొరికింది. నాలుక భగ్గున మండింది. వద్దని చెయ్యి ఊపింది.

మర్నాడు పాలు కారే కొమ్మ తెచ్చినారు. "తినొచ్చునా?"

"ఏమో తల్లీ. ఉండండి, ముందు నేను తింటా."

పెదవి పొక్కింది. అదీ వద్దనింది.

మూడోనాడు నిప్పురంగు పూల తీగ కింద తవ్వినారు. గడ్డలు! అచ్చం గెనుసుగడ్డలే. ఇంకేం అడిగేది? కడిగి ఉడకేసినారు. పిల్లోళ్లు పొయ్యి చుట్టూ చేరినారు.

వన్నూరక్క కట్టె ఊతతో వచ్చింది. "ఉండండి, ముందు నేను తింటా." తినింది. మండలేదు, పొక్కలేదు.

"బాగుందిలే, పెట్టండి," అనింది నారెమ్మ. చంకలో బిడ్డ ఏడుస్తా ఉంది.

"పొద్దు గూకనీ."

"ఏందక్కా నీ చాదస్తం! బిడ్డ పానం పోయేట్టుంది. నువ్వు తినేస్తివి, మేం చూస్తా కూచోవాల్నా?"

"కూచోవాల. నేనూ కూచుంటా." కుండకు మూతేసి, పొయ్యి ముందర రాయి మీద కూచునింది. నారెమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది. ఆమె లేవలేదు.

పొద్దు నెత్తికెక్కింది. పొద్దు వాలింది. పొద్దు గూకే ముందర వన్నూరక్క కడుపు పట్టుకోని కక్కుకునింది.

"ఆ గడ్డలు పూడ్చేయండి," అనింది. "లోతుగా. కుక్కలు గూడా తినగూడదు."

మూడు నాళ్లు ఆ రాయి పక్కనే పడుండి పానం ఇడిసింది. "తిట్టినానే అక్కా, తిట్టినానే," అని నారెమ్మ తల బాదుకోని ఏడ్చింది. గడ్డలు పూడ్చిననాడంతా అందరూ పస్తే. పస్తున్నా పిల్లోళ్లు బతికినారు. ఆ చంకలో బిడ్డే మా అవ్వకు అవ్వ.

ఇప్పటికీ మా పక్క పేరు తెలీని ఆకో గడ్డో తెస్తే ముసలోళ్లు పొయ్యి దగ్గరికి రానియ్యరు. "తిని చూసేదానికి వన్నూరక్క లేదు, పారెయ్," అంటారు.

ఇంకోటి. పొయ్యి ముందర ఒక రాయి వేస్తాం. ఎంత కాళ్లు పీకినా దాని మీద ఎవురూ కూచోరు. కొత్త కోడలు తెలీక కూచోబోతే చెయ్యి పట్టి లేపుతారు.

"లేమ్మా. ఆమెను కూచోనీ."