ఉండకట్టిన పొర

ప్రమాదం ముంచుకొస్తోందని తెలిసీ నోరు మెదపనివాళ్లను మీరేమంటారు?

అనంతపురంలోని ఒక పరిశోధనశాలలో నీలవేణి అనే అమ్మాయి ఉండేది. తెలివికి కొదవ లేదు గానీ, తప్పు ఒప్పుకోవడమంటే ఆమెకు చావుతో సమానం. హైడ్రోజన్ నుంచి కరెంటు తీసే ఫ్యూయల్ సెల్‌కు పొరలు తయారుచేయడం ఆమె పని. సెల్‌లో ఒకవైపు హైడ్రోజన్, మరోవైపు గాలి. రెండూ కలిస్తే నిప్పే. మధ్యలో అడ్డుగోడ ఆ పలచని పాలిమర్ పొర ఒక్కటే.

పొర గట్టిపడాలని ద్రావణంలో గ్రాఫీన్ అనే నల్లటి కార్బన్ పొడి చిటికెడు కలిపేవారు. దాన్ని పూటంతా కలియతిప్పాలి. లేకపోతే ఉప్మాలో రవ్వలా ఉండకడుతుంది, ఉండ ఉన్నచోట పొరకు చిల్లిపడుతుంది. నీలవేణి ఒకరోజు తొందరపడి, మధ్యలోనే ఆపేసి గాజుపలక మీద పోసేసింది. ఆరాక తడిమితే వేలికి గరుకు తగిలింది. మామూలు పొరైతే వెలుతురుకు పట్టగానే ఉండలు బయటపడేవి. ఇది నల్లటి పొర. "ఎవరికి కనపడుతుందిలే" అనుకుంది.

ఆమె స్నేహితురాలు ఫర్హానా ఆ పొరను సెల్‌లో బిగిస్తూ, "గాలి పెట్టి లీకు చూశావా తల్లీ, లేక దేవుడి మీద భారం వేశావా?" అని అడిగింది.

"చూశాలేవే. పోలీసులా ఆరా తీయకు" అంది నీలవేణి.

ఫర్హానా హైడ్రోజన్ వదిలింది. కాసేపటికి వోల్టేజి పడిపోసాగింది. సెల్ వేడెక్కసాగింది. పొరకు చిల్లిపడిందని నీలవేణికి అర్థమైపోయింది.

"నట్లు వదులయ్యాయేమో, బిగిస్తానుండు" అంటూ ఫర్హానా స్పానరుతో సెల్ మీదికి వంగింది.

చెబితే తన అబద్ధం బయటపడుతుంది. చెప్పకపోతే, ఫర్హానా ముఖం సరిగ్గా సెల్‌కు ఎదురుగా ఉంది. నీలవేణి, "వెనక్కి రావే. నేను లీకు చూడలేదు" అంది.

ఫర్హానా ముఖం పక్కకు తిప్పుకుంది గానీ చెయ్యి వెనక్కి లాక్కోలేకపోయింది. సెల్ ఫట్‌మని పగిలింది. మోచేతి దాకా చర్మం కాలిపోయింది.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకుంటూ ఫర్హానా నెమ్మదిగా అంది: "అడిగినప్పుడే చెప్పుంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని కదే."



నీతి: మనం దాచిన తప్పు పక్కవాళ్లను కాలుస్తుంది. మీ కడుపులోనూ అలాంటి మాటేదైనా ఉంటే, రేపటిదాకా ఆగకండి. లేవండి, వెళ్లి చెప్పేయండి.