గడప మాటలు

శిష్యులు ఏ తంటా పట్టుకొచ్చినా అప్పలస్వామి మాస్టారు ముందు ఒకటే మాట అనేవారు: "ఆపి మళ్ళీ తెరువు." అది బద్ధకపు సలహా అని కొందరు నవ్వుకునేవారు. నవ్వుకోనీండి. చాలాసార్లు పని దానితోనే అయ్యేది.

విశాఖపట్నంలో ఒక రికార్డింగ్ స్టూడియోలో పాటల భాండాగారమంతా ఆయన చేతిలో ఉండేది. ఒకప్పుడు టేపులు, తరవాత కంప్యూటర్. వేలకొద్దీ రికార్డులు అంకెల పేర్లతో ఒక డిస్కులో పడివుంటాయి. ఏ అంకె ఎవరి గొంతో చెప్పగలిగేది లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఒక్కటే. ఆ సాఫ్ట్‌వేర్ లోపల మాత్రం ఏ చోటి సంగతీ రాయడానికి మాస్టారు ఒప్పుకునేవారు కాదు. పాటల డిస్కు ఎక్కడుంది, ఇది ఏ గది, స్పీకర్లు ఏవి, ఇవన్నీ అది తెరుచుకునే ముందే కంప్యూటర్ దాని చెవిన వెయ్యాలి. ఆ పని చేసేవాళ్ళు వీటిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు. మాస్టారు గడప మాటలు అనేవారు. గడప దగ్గర చెబితే వింటుంది. లోపలికొచ్చి కూర్చున్నాక ఎంత అరిచినా వినదు.

నస్రీన్ అనే అమ్మాయి ఆయన దగ్గర ఆ విద్య నేర్చుకుంటూ ఉండేది. చురుకైన పిల్ల, కాస్త అభిమానం ఎక్కువ. ఒకరోజు అడిగింది.

"మాస్టారూ, మన డిస్కు ఎక్కడుందో మనకి తెలుసు. లోపలే రాసేస్తే పోయేదానికి, తెరిచిన ప్రతిసారీ 'నేనెక్కడున్నాను, నా పాటలెక్కడున్నాయి' అని అడుక్కోవడం ఏమిటండీ? చూడ్డానికే నామోషీగా ఉంది."

"అయితే రాసెయ్యమ్మా" అన్నారు మాస్టారు.

వాదానికి సిద్ధపడి వచ్చిన నస్రీన్‌కి ఆ జవాబు రుచించలేదు. అయినా కూర్చుని గడప మాటలన్నీ తీసేసి, స్టూడియోలో డిస్కు ఉండే చోటు సాఫ్ట్‌వేర్ లోపలే రాసేసింది. నొక్కగానే తెరుచుకుంది. ఎవరినీ ఏమీ అడగలేదు. స్టూడియోలో అందరూ మెచ్చుకున్నారు. మాస్టారు కూడా మెచ్చుకుని, "వచ్చే ఆదివారం దీన్నే పట్టుకుని పైడమ్మ గారి ఊరు వెళ్దాం" అన్నారు.

పైడమ్మ ఒకప్పుడు పేరున్న బుర్రకథ కళాకారిణి. తంబురా పట్టి కథ చెప్పేది ఆవిడ. పక్కన గుమ్మెట వాయిస్తూ, మాటకి మాట అడ్డం తగులుతూ జనాన్ని నవ్వించేది చెల్లెలు నూకాలు. నూకాలు పోయి చాలా ఏళ్ళయింది. పాత టేపు ఒకదానిలో ఇద్దరి గొంతులూ దొరికాయని తెలిసిన దగ్గర్నుంచి పైడమ్మ స్టూడియోకి ఒకటే ఫోన్లు. ఆవిడ ఆత్రం చెల్లెలి గొంతు వినాలని మాత్రమే కాదు. ఆ రికార్డింగ్ జరిగిన రోజు కథ మధ్యలో నూకాలు ఒక మాట విసిరింది. అందరూ విరగబడి నవ్వారు. పైడమ్మకి జవాబు తోచలేదు. ఇంటికొచ్చి అన్నం తింటుంటే తోచింది. చెప్పబోతే నూకాలు చెవులు మూసుకుంది. "కతలో సెప్పాల గానీ, కంచం ముందు సెప్తావేటి?" అంది. ఆ జవాబు అప్పట్నుంచీ పైడమ్మ దగ్గర అలాగే ఉండిపోయింది.

ఆదివారం పొద్దున్నే పైడమ్మ ఇంటి ముందు షామియానా వేశారు. చుట్టాలు, ఊరివాళ్ళు, గోడెక్కిన పిల్లలు. నస్రీన్ బల్లమీద కంప్యూటర్ పెట్టి, ఆ టేపు కూడా ఎక్కించి తెచ్చిన పాటల డిస్కు తగిలించి, సాఫ్ట్‌వేర్ నొక్కింది. ఎవరినీ ఏమీ అడక్కుండానే తెరుచుకుంది. తెరమీద రెండే మాటలు కనిపించాయి: పాటలు లేవు.

డిస్కు పీకి మళ్ళీ తగిలించింది. పాటలు లేవు. డిస్కు కళ్ళ ముందే ఉంది. సాఫ్ట్‌వేర్ మాత్రం దానికోసం విశాఖపట్నం స్టూడియోలో వెతుక్కుంటోంది. ఇది వేరే ఊరని దానికి చెప్పే దారి లేదు. ఆ దారి మూసింది తనే.

"ఏటమ్మా, మా సెల్లి ఇంకా ముస్తాబవుతోందా?" అంది పైడమ్మ.

షామియానా అంతా నవ్వింది. నస్రీన్ చెవులు ఎర్రబడ్డాయి. మాస్టారి వైపు చూసింది. ఆయన ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని ఎంతో శ్రద్ధగా జంతికలు తింటున్నారు.

ముందురోజు రాత్రి వాన కురిసింది. గుమ్మెట తోలు మెత్తబడి, కొడితే తడిగుడ్డ మీద కొట్టినట్టుంది. పైడమ్మ మనవరాలు వాకిట్లో కొబ్బరి పీచు మంట వేసి, దాన్ని కాచుతూ మధ్యమధ్య వేలితో మోగించి చూస్తోంది. ఏం చెయ్యాలో తోచని నస్రీన్ ఏదో ఒకటి మాట్లాడాలని అడిగింది. "ముందే కాచి ఉంచుకోవచ్చు కదా అమ్మమ్మా? ఇంతమంది ఎదురుచూస్తుంటే ఇప్పుడా?"

"ముందే కాసీసి దాసుకుంటే," అంది పైడమ్మ, "రాతిరి పడ్డ వాన దానికెలా తెలుస్తాదమ్మా?"

నస్రీన్ ఒకసారి ఆ మంట వైపు, ఒకసారి బల్లమీది డిస్కు వైపు చూసింది. తరవాత బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. సాఫ్ట్‌వేర్ లోపల తను రాసిన స్టూడియో చోటు చెరిపేసింది. అక్కడ ఖాళీ ఉంచి, బయట నుంచి చెబితే తీసుకునేలా మార్చింది. ఆత్రంగా తెరిచింది. తెరిచాక గుర్తొచ్చి, డిస్కు ఈ ఇంట్లో ఎక్కడ తగిలించి ఉందో కంప్యూటర్‌కి చెప్పింది.

పాటలు లేవు.

"చెప్పాను మాస్టారూ! అన్నీ సరిగ్గానే చెప్పాను!" అంది, ఏడుపు ఒక్కటే తక్కువ.

మాస్టారు జంతిక ముక్క నోట్లో వేసుకుని, "అది లోపలికొచ్చి కూర్చున్నాక చెప్పావు. ఆపి మళ్ళీ తెరువు" అన్నారు.

ఆపింది. మళ్ళీ తెరిచింది. పాటల పేర్లు బిలబిలమంటూ తెరంతా నిండిపోయాయి.

అందులో అక్కచెల్లెళ్ళ కథ నొక్కగానే తంబురా మోగింది. వయసులో ఉన్న పైడమ్మ గొంతు ఖంగుమని లేచింది. కథలో రాజుగారు యుద్ధానికి బయల్దేరుతున్నాడు. ఆయన మీసం పొడుగు వర్ణిస్తోంది, ఎంతకీ ఆపడం లేదు. అప్పుడు గుమ్మెట మీద ఒక దెబ్బ, వెంటనే నూకాలు గొంతు:

"అప్పా, పొద్దున్నించీ మీసం మీసం అంటన్నావు. రాజుగారు యుద్ధానికెల్తన్నాడా, మీసం ఆరబెట్టుకోడానికెల్తన్నాడా?"

టేపులో జనం నవ్వు. ఆ వెనక చిన్న ఖాళీ. ఆనాడు పైడమ్మకి జవాబు తోచని ఖాళీ అది.

వాకిట్లో పైడమ్మ లేచి నిలబడింది. నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఆరబెట్టుకోడానికే ఎల్తన్నాడే నూకాలూ! పొద్దున్నించీ నీ నోటి తుంపరకి తడిసిపోనాడు మరి!"

సరిగ్గా అప్పుడే టేపులో నూకాలు పకపకా నవ్వి గుమ్మెట గడగడలాడించింది. ఆ నవ్వు ఆనాడు ఎందుకు నవ్విందో ఎవరికి తెలుసు! ఈనాడు మాత్రం అక్క జవాబుకే నవ్వింది. అలా కాదన్నవాళ్ళతో నాకు పేచీయే. షామియానా హోరెత్తిపోయింది. మనవరాలు కాచిన గుమ్మెట ఎత్తుకుని టేపుతో కలిసి వాయించడం మొదలుపెట్టింది. పైడమ్మ కళ్ళు తుడుచుకుంటూనే, "మళ్ళీ ఎయ్యమ్మా, మళ్ళీ ఎయ్యి. ఇంకోపాలి సెప్తాను దానికి" అంది. ఎన్నిసార్లు వేసినా ఆ ఖాళీ దగ్గరికి రాగానే లేచి నిలబడి చెప్పింది. ఎన్నిసార్లు చెప్పినా నూకాలు నవ్వింది.

సాయంత్రం బస్సులో నస్రీన్ కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊరు దాటాక అంది. "రేపు స్టూడియోలో తెరిచే ముందు దీనికి మళ్ళీ అక్కడి చోటు చెప్పాలి మాస్టారూ."

మాస్టారు పొట్లంలో మిగిలిన జంతికలు ఆమె ముందుకి జరిపారు.

"చెబుదువుగానిలే. ఎక్కడికొచ్చానని అడగడం దానికేం నామోషీ కాదు."