అతుకు కనబడని ఇనుప గుండు

అనగనగా విక్రమకేతు అని ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తిసాములో గట్టివాడు. రెండోవాడు గుర్రపుస్వారీలో గట్టివాడు. మూడోవాడు మణికేతు. వాడికి కొలిమి అంటే ప్రాణం. తెల్లారితే చాలు, కమ్మరి భద్రోజు దగ్గర చేరి తిత్తి ఊదేవాడు. కొట్టేకొద్దీ ఎర్రటి ఇనుము మైనంలా వంగుతుంటే కళ్ళార్పకుండా చూసేవాడు.

ఒక చలికాలం కరాళుడనే మాంత్రికుడు నల్లమబ్బులా వచ్చి ఆ రాజ్యం మీద కమ్ముకున్నాడు. ఒక్కసారి గట్టిగా ఊపిరి లాగాడు. అంతే, పొయ్యిల్లో నిప్పు, దీపాల్లో నిప్పు, కొలిముల్లో నిప్పు అంతా వాడి వెంట ఎగిరిపోయింది. రాజ్యం తనకిస్తే నిప్పు తిరిగిస్తానని చెప్పి, ఏడు సముద్రాల అవతల తన దీవికి వెళ్ళిపోయాడు.

జనం నానబెట్టిన బియ్యం తిన్నారు. ముసలివాళ్ళు చలికి కొంకర్లుపోయారు. తల్లులు పసిపిల్లల అరిచేతులు ఊదుతూ కూర్చున్నారు. పెద్ద రాకుమారుడు కత్తి తీసుకుని బయల్దేరాడు, తిరిగి రాలేదు. రెండోవాడు గుర్రాన్ని ఓడెక్కించుకుని బయల్దేరాడు, వాడూ తిరిగి రాలేదు. అప్పుడు మణికేతు సుత్తి, సమ్మెట, ఉలి మూటగట్టుకుని తండ్రి కాళ్ళకు మొక్కాడు. రాజు కన్నీళ్ళతోనే దీవించాడు.

సముద్రం ఒడ్డున కొండంత తాబేలు ఒకటి తెగిన ఓడ గొలుసు కాళ్ళకు చుట్టుకుని కదల్లేక పడుంది. మణికేతు ఉలి పెట్టి గొలుసు తెంచాడు. తాబేలు వాణ్ణి వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. దారిలో ఒక తిప్ప మీద పెద్ద ఎండ్రకాయ బండ కింద నలుగుతుంటే బండ పగలగొట్టాడు. అదీ వెంట వచ్చింది. దీవిలో ఒక కొండచిలువ తోకలో ఇనుపమేకు దిగి విలవిల్లాడుతుంటే ఆ మేకు లాగాడు. అదీ వెంట వచ్చింది.

దీవిలో నల్లకొండ ఉంది. కొండకు ఒక పెద్ద పగులు. మణికేతు అందులోకి తొంగిచూసి అలాగే నిలబడిపోయాడు. లోపల లెక్కలేనన్ని మంటలు! పొయ్యిమంటలు, దీపపు మంటలు, కొలిమి మంటలు, మందలోని ఆవుల్లా ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. పగులు పక్కనే ఇద్దరు ఇనుప మనుషులు నిలబడి ఉన్నారు. దగ్గరికెళ్ళి చూస్తే తన అన్నలే.

వాడు అన్న చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే, నీళ్ళకుండతో ఒక అమ్మాయి వచ్చింది. ఆమె మందారవల్లి, ఆ దీవి రాజు కూతురు. తండ్రిని చంపి మాంత్రికుడు ఆమెను దాసిని చేసుకున్నాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉందనీ, చిలక ఇనుప గుండులో ఉందనీ, వాడు పగలంతా ఆకాశంలో తిరుగుతాడనీ చెప్పింది. గుండు ఉన్న చోటికి తీసుకెళ్ళింది.

అది గుమ్మడికాయంత గుండు. తలుపు లేదు, తాళం లేదు, అతుకు లేదు. లోపల చిలక మూలుగుతోంది. మణికేతు గుండంతా తడిమి చూశాడు.

"మనిషి చేసినదానికి అతుకు లేకుండా ఉండదు. నిప్పే చూపిస్తుంది," అన్నాడు.

చిలకకు సెగ తగలకుండా గుండుకు తడిమట్టి మందంగా మెత్తాడు. పైన అరచేయంత మేర మాత్రం వదిలేశాడు. ఎండ్రకాయ తన డెక్కలతో గుండును పట్టుకుని మంటల్లో పెట్టింది. కొండచిలువ ఒళ్ళంతా ఉబ్బించి బుస్సుమని ఊదింది. నల్లటి ఇనుము ముదురెరుపయింది. ముదురెరుపు మోదుగుపువ్వయింది. మోదుగుపువ్వు పొద్దుటి సూర్యుడయింది. అప్పుడు ఆ వెలుగు మధ్యలో వెంట్రుకంత నల్లగీత కనిపించింది. మందారవల్లి చేతులు జోడించింది.

అక్కడ ఆకాశంలో మాంత్రికుడి గుండెలో మంట పుట్టింది. వాడు పిడుగులా వెనక్కి తిరిగాడు.

ఎండ్రకాయ గుండును తెచ్చి తాబేలు వీపు మీద పెట్టింది. మణికేతు గీత మీద ఉలి ఆనించి, మందారవల్లికి సమ్మెట ఇచ్చాడు.

"నేను ఉలి తల మీద సుత్తితో ఎక్కడ తడితే అక్కడే కొట్టు. భయపడకు."

"మీ చేతికి తగిలితే?"

"తగలదు. నా సుత్తినే చూడు."

టింగ్ మని సుత్తి, ధణ్ మని సమ్మెట. దీవి అదిరింది. టింగ్, ధణ్. మబ్బు కొండ మీదికి వచ్చేసింది. టింగ్, ధణ్. గుండు కొబ్బరికాయలా రెండు చెక్కలయింది. మణికేతు చిలకను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. దాని గుండె టపటపా కొట్టుకుంటోంది.

మాంత్రికుడు నేల మీదికి దిగాడు. చిలకను చంపవద్దని, ఏమడిగినా ఇస్తానని బతిమాలాడు. చంపనని మణికేతు మాటిచ్చాడు. ముందు నిప్పునూ తన అన్నలనూ వదలమన్నాడు. మాంత్రికుడు చేయి ఊపాడు. కొండలోని మంటలన్నీ పైకి లేచి, కొంగల బారులా సముద్రాల మీదుగా ఎగిరాయి. ఆ వెలుగులో నీళ్ళన్నీ బంగారమయ్యాయి. ఇనుప మనుషులు కదిలి తమ్ముణ్ణి కౌగిలించుకున్నారు.

"ఇక నా చిలకను నాకియ్యి," అన్నాడు మాంత్రికుడు.

"చంపనన్నాను. నీకిస్తానని అనలేదు," అని మణికేతు చేతులు విప్పాడు.

చిలక ఒక్కసారి రెక్కలు విదిలించి అడవివైపు ఎగిరింది. చిలక చెర వీడితే వాడి ప్రాణం వీడినట్టే. అది దూరం పోయేకొద్దీ మాంత్రికుడి ఒంటికి తుప్పు పట్టింది. వేళ్ళు, చేతులు, ముఖం పొడిపొడిగా రాలాయి. గాలి వీస్తే ఆ పొడీ లేదు.

అందరూ తాబేలు వీపు మీద రాజ్యానికి వచ్చారు. ప్రతి ఇంటి మీదా పొగ లేస్తోంది. రాజు ముగ్గురు కొడుకులనూ గుండెలకు హత్తుకున్నాడు. మంచి ముహూర్తం చూసి మణికేతుకు మందారవల్లినిచ్చి పెళ్ళి చేశారు. దీవికి రాజు లేడు గనుక వాళ్ళిద్దరూ అక్కడికే తిరిగి వెళ్ళి, జుట్టు నెరిసేదాకా జనాన్ని కన్నబిడ్డల్లా చూసుకున్నారు. ఆ దీవి చల్లగా ఉంది, విన్న మీరూ చల్లగా ఉండండి.