గంధవహుడు దించిన మూట

పూర్వం పినాకినీ తీరాన వేత్రపురాన్ని శరకేతు మహారాజు పాలిస్తున్న కాలంలో, అంతఃపురానికి పాలు పోసే గొల్ల మంగక్క ఒకనాటి ఉదయం ఒక మాట మోసుకొచ్చింది. ఆ మాట ఆమెది కాదు, పొరుగింటి చెంచమ్మది. తొడలో బాణం దిగబడిన కృష్ణసారమనే నల్లజింక ఒకటి చెంచమ్మ జొన్నచేని గట్టు మీదుగా కుంటుకుంటూ పోయి అడవిలో పడిందట. ఆ బాణానికి నెమలి ఈకలున్నాయట. నెమలి ఈకల బాణం ఈ రాజ్యంలో ఎవరు వేస్తారో ఉగ్గుపాలు తాగే పిల్లలకు కూడా తెలుసునట.

"నేనేమీ అనలేదు తల్లీ, చెంచి అంది," అని మంగక్క పాలు కొలిచి, మళ్ళీ ఎవరూ ఏమీ అడగకముందే వెళ్ళిపోయింది.

పతివ్రతాశిరోమణి అయిన మంజుకేశీదేవి భోజనవేళ ఆ మాట భర్త చెవిన వేసింది. శరకేతుడు ముద్ద దించకుండానే, "దేవీ, అది నా బాణం కాదు. నా బాణం తగిలిన మృగం లేచి నడవదు," అన్నాడు.

ఆ బాణం తనదేనని ఆయనకు తెలుసు. కృష్ణసారం ఎగిరి పొదల్లో కలిసినప్పుడు ఆయన గుర్రం దిగి, గడ్డిపరకపై నెత్తుటిచుక్క చూసి, అలవాటుకొద్దీ మోదుగాకు తెంపి దానిపై కప్పబోయాడు. వేత్రపురపు వేట ధర్మం అది. గాయపడ్డ మృగం తొలి నెత్తుటిమీద ఆకు కప్పి, తరమకుండా, అరవకుండా, అది ఎక్కడో ఒకచోట ఒరిగేదాకా ఓపికపట్టి, ఆపైన నెత్తుటిజాడ పట్టే కుక్క మెడకు పగ్గం కట్టి, బాణం వేసినవాడే స్వయంగా ఆ పగ్గం పట్టుకొని వెళ్ళి దాని బాధ తీర్చి రావాలి. అంతవరకు వాడు అన్నం ముట్టరాదు. శరకేతునికి ఆ విద్య నేర్పినవాడు సాక్షాత్తు ఆయన తాతగారే. కానీ కొన్నేళ్ళ కిందట వందిమాగధులు ఆయనకు 'ఏకబాణుడు' అని బిరుదు తగిలించారు. ఒక్క బాణంతో చంపేవాడు పగ్గమెందుకు పట్టాలి? పట్టాడంటే గురి చెదిరిందని ఒప్పుకున్నట్టే కదా! ఆనాడు వెనకనున్న వందిమాగధుల చూపు వీపున తగలగానే మహారాజు మోదుగాకును నలిపి పారేసి, "గాలికి పోయింది," అని గుర్రమెక్కాడు. జాడ కుక్కలు కొట్టంలో తిని పడుకుంటున్నాయి.

రాణితో ఆయన ఆ అబద్ధమాడిన మరునాటి నుండి వేత్రపురంలో వాసన లేకుండా పోయింది. మల్లెలు పూశాయి, పరిమళం లేదు. పోపు వేగింది, ఘుమఘుమ లేదు. అక్కడితో ఆగితే జనం సర్దుకునేవారే. కానీ ఆవులు తమ దూడలను ఆనవాలు పట్టలేక కాళ్ళతో తన్నసాగాయి. పాలు చేపడం మానేశాయి. దూడలు కట్టుకొయ్యల దగ్గర డొక్కలెండి పడిపోతుంటే, మంగక్క ఖాళీ కడవతో వచ్చి, "ఇదిగో తల్లీ, ఈరోజు పాలు," అని చూపించి పోయింది.

అప్పుడు శరకేతుడు పాదచారియై తపోనిధి అయిన శ్వేతజట మహర్షి ఆశ్రమానికి వెళ్ళి, సాష్టాంగపడి, కారణమేమని అడిగాడు.

"రాజా, వాయుదేవుడు గంధవహుడు. వాసనల మూట మోసేవాడు. ఆయన వాహనమేమిటో నీకు నేను చెప్పాలా?"

"లేడి, మహాత్మా."

"నీవు గాయపరిచిన ప్రతి మృగం నెత్తుటి వాసనను ఆయన మోసుకొచ్చి నీ కుక్కల ముక్కు దగ్గర పెట్టాడు. నీవు కుక్కలను కట్టేశావు. పుచ్చుకునేవాడు లేని మూట ఎన్నాళ్ళు మోస్తాడు నాయనా? దించేశాడు."

"ప్రాయశ్చిత్తంగా మహాహోమం చేయిస్తాను స్వామీ."

"చేయించు. నేతి వాసన ఎవడు మోస్తాడు?"

 ఆశ్రమపు ఆవు తన దూడను తన్నడం శరకేతుని కళ్ళెదుటే జరిగింది. ఆయన లేచాడు.

తిరిగివచ్చి, కుక్కల కొట్టం చూసే బోయ ఓబులక్కను పిలిపించి, కాటుక అనే ముసలి కుక్కకు పగ్గం కట్టించి, ఆమెను వెంటబెట్టుకొని, వందిమాగధులను కూడా రమ్మని ఆజ్ఞాపించి, ఆకు నలిపిన చోటికి వెళ్ళాడు. కాటుక ముక్కు నేలకానించి, ఏమీ తెలియక, ఆయన మొగంలోకి చూసింది. అప్పుడు శరకేతుడు అందరూ వినేలా, "ఇక్కడ నా గురి తప్పింది. మృగం గాయంతో పోయింది. నేను చూసి కూడా వెళ్ళిపోయాను," అన్నాడు. ఒక వంది దగ్గి, దిక్కులు చూశాడు.

పగ్గం రాజు చేతిలో చటుక్కున బిగిసింది. కాటుక లాగిన వైపుకల్లా, ముళ్ళకంపలో వంగి, వాగులో మోకాలిలోతు దిగి, కిరీటం తీసి ఓబులక్క చేతికిచ్చి, శరకేతుడు నడిచాడు. పొద్దు వాలేవేళకు ఒక వెదురుపొద మొదట్లో కృష్ణసారం కనిపించింది. పుండు ఈగలు ముసిరి ఉంది. ప్రాణం ఇంకా ఉంది. లేచే ఓపిక లేక అది ఆయనను చూస్తూ ఊరకుంది. ఆయన దాని కళ్ళపై అరచేయి కప్పి, కత్తితో బాధ తీర్చి, పక్కనే కూలబడ్డాడు.

ఆయనకు మొదట తడిసిన కుక్కబొచ్చు వాసన తెలిసింది. తర్వాత నెత్తుటిది. తర్వాత దూరాన ఎక్కడో పూసిన అడవిమొల్లలది. వెదుళ్ళు వంగి ఈలవేస్తుండగా, జగత్ప్రాణుడైన వాయుదేవుడు మృగరథం మీద ప్రత్యక్షమై, ఆ కృష్ణసారపు ప్రాణాన్ని తన రథానికి పూన్చుకొని, "రాజా! తప్పిన గురిని ఒప్పుకొని పగ్గం పట్టినవాడి కుక్కకు జాడ ఏనాడూ చెదరకుండుగాక! నీ రాజ్యపు మూట తిరిగి ఎత్తుకున్నాను," అని వరమిచ్చి అంతర్ధానమయ్యాడు. ఊరివైపు నుండి ఆవుల అంబారవం వినవచ్చింది. తల్లులు దూడలను నాకుతున్నాయి.

వందిమాగధులు కొత్త బిరుదు వెతుక్కోసాగారు. "ఆర్తమృగబంధువు!" అన్నాడొకడు. "దొరకని మృగమంటూ లేని మహాప్రభువు!" అన్నాడు ఇంకొకడు.

ఓబులక్క కాటుక మెడనుండి పగ్గం విప్పి, చుట్టచుట్టి భుజాన వేసుకుంది.

"ఇదొక్కటే గదా దొరా దొరికింది. ముందటివన్నీ యాడ పడి సచ్చినాయో?"